పీతకు రెండు కొలనులు!

శంఖాన్ని ఇల్లులా మోసుకు తిరిగే సన్యాసి పీత... అమెరికా బీచ్ దుకాణాల్లో పిల్లల్ని ఇట్టే ఆకట్టుకుంటుంది. అక్కడ ఎక్కువగా అమ్మేది కరీబియన్ తీరాల్లో పట్టుకొచ్చిన రకం. నేలమీద బతికేదే అయినా దీనికి రెండు కొలనులుండాలి. ఒకటి మంచినీళ్లది, మరొకటి ఉప్పునీళ్లది. ఎందుకంటే... ఇది నీళ్లు తాగడమే కాదు, కాసిని శంఖంలోనూ దాచుకుంటుంది. ఎంత ఉప్పదనం కావాలో తనే సరిచూసుకుంటుంది!

ఉప్పునీళ్లకి వంటింటి ఉప్పు పనికిరాదు. అక్వేరియం దుకాణాల్లో దొరికే మెరైన్ సాల్ట్‌ని లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలపాలి. కుళాయి నీళ్లయితే రెండింట్లోనూ క్లోరిన్‌ని పోగొట్టే ద్రావణం వేయాల్సిందే. లోహపు గిన్నెలు వద్దు. శంఖం మునిగేంత లోతుండాలి, పైకి ఎక్కి రావడానికి గులకరాళ్లు పేర్చాలి. లేదంటే బయటకు రాలేక చనిపోతుంది. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. ఊపిరి మొప్పలతోనే కాబట్టి తొట్టెలో గాలి తేమ 75 శాతానికి తగ్గకూడదు.

ఇవేవీ పట్టించుకోకపోతే... తీరంలో 30 ఏళ్లకు పైగా బతకగల ప్రాణి ఇంట్లో కొన్ని నెలలకే కన్నుమూస్తుంది. అందుకే, పిల్లలు మారాం చేసినా సరే... ముందు కొలనులు, తర్వాతే పీత!