తుప్పుపై అతుకు తగదు

బరంపురములోని మన తెలుగు కుటుంబములలో కొందరి యిండ్లయందు తాతతండ్రులు వాడిన అంబాసిడరో, ఫియట్టో నేటికిని పెరటి పంచలో నిలిచియున్నది. ఆయుధపూజనాడు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, మరల టార్పాలిను కప్పుచున్నాము. పైరంగు మెరయుచున్నంతకాలము బండి బాగున్నదని తలచుచున్నాము. ఈ విషయమున నాకు కలిగిన అనుభవమును, దానివలన ఏర్పడిన అభిప్రాయమును పాఠక మహాశయులకు విన్నవించుకొందును.

మా తాతగారు 1968లో కొనిన అంబాసిడరు మా యింట కలదు. 2013 అక్టోబరులో గోపాలపురము వద్ద తీరము దాటిన ఫైలిన్ తుపానునకు పంచ కూలి కారు లోపలంతయు తడిసెను. మేము పైతడి తుడిచితిమే గాని అడుగున పరచిన చాపను ఎత్తి చూడలేదు. కొన్నేండ్లకు నేలరేకు మెత్తబడగా ఒక షెడ్డునకు పంపితిమి. వారు తుప్పురేకుపైననే క్రొత్తరేకు పరచి, తారు పూసి యిచ్చిరి. తక్కువ సొమ్ముతో పని ముగిసెనని సంతోషించినవాడను నేనే. గత సంవత్సరము ఒక పెండ్లికి పోవుచుండగా వెనుక కూర్చున్న మా చిన్నవాని కాలు నేలలో దిగబడెను. బండి మలుపులో మెల్లగా పోవుచుండుటచే మడమ గీరుకొనుటతో పోయినది. అంతకన్న ఘోరము జరుగకుండుట దైవకృప.

దోషము షెడ్డువారి దొక్కటే కాదు. అతుకు చాలునని అడిగినది మేము. రెండు రేకుల నడుమ తడి చిక్కుకొని, దానికి సముద్రపు ఉప్పుగాలి తోడైనచో, కంటికి కనబడకయే ఇనుము హరించుకొనిపోవును. తారు బయటి తడిని రానీయదనుట నిజమే. లోన చేరిన తడిని పోనీయదనుటయు అంతే నిజము.

అంబాసిడరునకు లారీవలె వేరు ఛాసిస్ లేదు. నేల, తలుపుల క్రింది గుమ్మపు రేకులు, పైకప్పు అన్నియు కలిసియే బరువు మోయును. వెనుక కమానుల బిగింపులును ఆ అడుగుభాగమునకే చేరియున్నవి. కావున నేలరేకు కాలు మోపుకొను పలక మాత్రమే యనుకొనుట పెద్ద పొరపాటు.

ఈసారి మా పెద్దవాడు, నేను, మా వీధి వెల్డింగు మేస్త్రి కలిసి ఎనిమిది ఆదివారములలో ఇంటివద్దనే పని ముగించితిమి. మొదట వాన నీరు దిగుచున్న అద్దపు రబ్బరును మార్చితిమి. కారణమును విడిచి కార్యమును దిద్దుట వ్యర్థము. బ్యాటరీ, సీట్లు, నేల క్రిందుగా పోవు పెట్రోలు గొట్టము తీసివేసితిమి. బండిని సమతలమున గట్టి దిమ్మెలపై నిలిపి, ద్వారములకు అడ్డముగా ఇనుప యాంగిల్ బిగించి, ఒకమారు ఒక ప్రక్కనే కోసితిమి. రెండు ప్రక్కలు ఒక్కసారిగా కోసినచో బండి ఒరిగి, తలుపులు మరల సరిగా పడవు.

స్క్రూడ్రైవరుతో పొడిచి, చిన్న సుత్తితో తట్టి, ఖంగుమను గట్టి ఇనుము దొరకువరకు తుప్పును కోసివేయవలెను. ఇచ్చట లోభము పనికిరాదు. అట్టముక్కతో కొలత తీసి, 18 గేజి రేకును మలచితిమి. జింకు పూతగల రేకును వాడలేదు. వెల్డింగు చేయునపుడు దాని పొగ ఆరోగ్యమునకు హానికరము. మామూలు ఆర్క్ వెల్డింగు పలుచని రేకును కాల్చి రంధ్రము చేయును గనుక మిగ్ యంత్రమును అద్దెకు తెచ్చితిమి. దూరదూరముగా చిన్న చిన్న చుక్కలు పెట్టి, చల్లారనిచ్చి, నడుమ పూరించిన గాని రేకు వంకరపోక నిలువదు. ఇసుక బకెట్టు ప్రక్కన ఉంచుకొని ఒకరు నిప్పురవ్వలను కనిపెట్టుచుండిరి. పిమ్మట అతుకులకు సీలరు, రెండు వైపుల జింకు ప్రైమరు, అడుగున రక్షణపూత వేసితిమి.

ఇది ఇంటిలో చేయు పనియా యని కొందరు నవ్విరి. శుభ్రపరచుట, కొలుచుట, రంగు వేయుట మన పిల్లలు నేర్వదగిన పనులే. వెల్డింగు మాత్రము చేయి తిరిగినవానికే విడువవలెను. మా పెద్దవాడు ఈ ఎనిమిది వారములలో తాతగారి బండిని గూర్చి తెలిసికొన్నది నేను నలువది యేండ్లలో తెలిసికొనలేదు.

మరియొక మాట. 2021లో కేంద్ర ప్రభుత్వము 50 ఏండ్లు దాటి, మూలరూపమున నున్న వాహనములకు ప్రాచీన వాహనములుగా నమోదు కల్పించెను. కావున మూలరూపము చెడకుండ పని చేసి, ప్రతి దశకు ఫోటోలు తీసియుంచుట వివేకము.

అంబాసిడరు ఉత్పత్తి 2014లోనే ఆగిపోయెను. పోయిన బండి తిరిగి రాదు. అయినను జ్ఞాపకముపై గల ప్రేమ ప్రాణముల కన్న మిన్న కాదు. శక్తి యున్నచో గట్టి ఇనుము వరకు కోసి బాగుచేయుడు. లేనిచో దానిని నడుపక నిలిపియుంచుడు, లేదా బాగుచేయగలవానికి ఇచ్చివేయుడు. తుప్పుపై తారు పూసి, దానిపై పిల్లలను మాత్రము కూర్చుండబెట్టకుడని నా మనవి.