సంపాదకుని మాట: ఒక వంశం, రెండు పేర్లు



ఈ సంచికను కెనడాలోని క్యూబెక్ పూర్వీకుల జాడకు కేటాయించాం. ఇంత దూరపు సంగతి మనకెందుకని ముందు మాలో మేమే తర్కించుకున్నాం. అక్కడి చర్చి రిజిస్టర్ల గురించి చదివాక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

1663 నుంచి 1673 దాకా దాదాపు 800 మంది ఆడపిల్లలు ఫ్రాన్సు రాజు ఖర్చుతో ఓడలెక్కి న్యూ ఫ్రాన్సుకు, అంటే నేటి క్యూబెక్ ప్రాంతానికి, వచ్చారు. వాళ్లలో చాలామందికి సంతకం చేయడం రాదు. అయినా వాళ్ల పెళ్లిళ్లు, పిల్లల జ్ఞానస్నానాలు, చావులు చర్చి ఫాదర్ల చేతిరాతలో నిలిచాయి. అదీ పుట్టింటి పేరుతోనే! తల్లి వైపు వంశాన్ని అంత వెనక్కి పట్టుకోగలగడం ఎంత అరుదో వెతికినవాళ్లకే తెలుసు.

ఇంటిపేర్ల దగ్గరే చిక్కంతా. 1665లో వచ్చిన కరిన్యాన్-సాలియేర్ దళంలో సైనికులకు మారుపేర్లుండేవి. లాఫ్లర్ అంటే పువ్వు, సాన్సూసి అంటే చింతలేనివాడు. అసలు పేరుకూ మారుపేరుకూ నడుమ 'అనబడే' అనే అర్థంలో 'డి' అని రాసేవారు. తర్వాత ఒక కొడుకు అసలు పేరు నిలుపుకుంటే, ఇంకో కొడుకు మారుపేరే ఇంటిపేరు చేసుకునేవాడు. అమెరికా మిల్లులకు వలసపోయిన కుటుంబాల్లో బ్వావేర్ కాస్తా ఇంగ్లీషులోకి మారి గ్రీన్‌వుడ్ అయిన సందర్భాలూ ఉన్నాయి.

డీఎన్ఏ పరీక్ష చుట్టరికం ఉందంటుంది, ఏ అవ్వ ద్వారానో చెప్పదు. మాంట్రియల్ విశ్వవిద్యాలయం 1966లో మొదలుపెట్టి గుదిగుచ్చిన ఆ రిజిస్టర్లే చెబుతాయి. అందుకే మా రచయితలను పాత కాగితాల దగ్గరే ఎక్కువసేపు కూర్చోబెట్టాం.

పేర్లను వీలైనంతవరకు అక్కడివాళ్లు పలికినట్టే అచ్చువేశాం.