స్విచ్చులకు అడంగలు

2018 మార్చి 28వ తేదీన సిస్కో సంస్థ తన స్విచ్చులలోని స్మార్ట్ ఇన్‌స్టాల్ అను సదుపాయమున పెద్దలోపమొకటి కలదని తానే ప్రకటించి, దానిని సవరించు క్రొత్త ఫర్మ్‌వేరును గూడ విడుదల చేసెను. ఏడు సంవత్సరములు గడచిన పిమ్మట, 2025 ఆగస్టులో, అమెరికాదేశపు ఎఫ్.బి.ఐ. వారు రష్యా గూఢచారులు ఆ లోపముద్వారానే చొరబడుచున్నారని హెచ్చరింపవలసి వచ్చినది. మందు దొరకినను రోగము మానలేదు. రోగి యెవరో యింటివారికే తెలియనప్పుడు మందేమి చేయగలదు?

స్విచ్చనగా కార్యాలయమందలి కంప్యూటర్లను తీగలతో కలిపి సమాచారమును చేరవేయు పెట్టె. దానిని లోపలనుండి నడపు ప్రోగ్రామే ఫర్మ్‌వేరు. ప్రతి ఫర్మ్‌వేరునకును ఒక వర్షను సంఖ్య గలదు. కంప్యూటరు చెడినచో ఎవరో యొకరు మొరపెట్టుకొందురు. మూలనున్న స్విచ్చును మాత్రము, దాని దీపములు మినుకుమినుకుమనుచున్నంత కాలము, తలచువారు లేరు. మన పురపాలక సంఘములును, కళాశాలలును, ఆసుపత్రులును స్విచ్చు కొన్న బిల్లును భద్రపరచును. అందు నడచు వర్షను సంఖ్యను వ్రాసియుంచునవి యెన్ని?

వెనుకటి కరణములు ఏ సర్వే నంబరులో ఏ పైరున్నదో అడంగలులో వ్రాసియుంచెడివారు. స్విచ్చులకును అట్టి పద్దే కావలెను. ఏ గదిలో ఏ నమూనా యున్నది, అందు నడచు వర్షను ఏది, తయారీదారు సవరణలిచ్చుట మానుకొను తేదీ యేది అను నాలుగు గడులు చాలును. సిస్కో స్విచ్చులో షో వర్షన్ అను ఆజ్ఞ యొక్కటి యిచ్చినచో సంఖ్య తెలియును. స్విచ్చులు వందలకొలది యున్నచోట ఎస్.ఎన్.ఎం.పి. పద్ధతిని దూరమునుండియే అడిగి తెలిసికొనవచ్చును. అయితే దాని మొదటి రెండు రూపములందు రహస్యపదము బాహాటముగ పయనించును గాన మూడవదానినే వాడవలెను. పిమ్మట తయారీదారుల ప్రకటనలను వారమున కొకమారైనను ఈ పద్దుతో సరిచూడవలెను. సరిచూడని పద్దు ఉత్త కాగితమే. ఈ పద్దు దొంగచేతబడిన వానికే దారిచూపును గనుక దానిని తాళమువేసి యుంచుటయు నవసరమే.

'చక్కగ నడచుచున్నదానిని కదలించుటెందులకు?' అని కొందరందురు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. ఫర్మ్‌వేరు మార్చునపుడు సాధారణముగ స్విచ్చు కొంతసేపు ఆగును. ఆసుపత్రిలో అది చిన్నవిషయము కాదు. కాని మేము నేడే అన్నిటిని మార్చుమనుటలేదు. ఏది ముందు మార్చవలెనో, ఏది రాత్రివేళకు నిలుపవచ్చునో, ఏది సవరణకు నోచుకొనక తీసివేయదగినదో నిర్ణయించుటకైనను పద్దు కావలయునుగదా!

2022 ఏప్రిల్ 28వ తేదీన భారతప్రభుత్వపు సెర్ట్-ఇన్ శాఖవారు, దాడి గమనించిన 6 గంటలలోగా తమకు తెలుపవలెనని ఆదేశించిరి. ఇంట నేమున్నదో యెరుగనివారు ఏ తలుపు పగిలినదో 6 గంటలలో నెట్లు చెప్పగలరు? కావున కార్యనిర్వాహక సంఘములలోనున్న మా పాఠకులను మేము కోరునది యొక్కటే. రాబోవు సమావేశమున లేచి, 'మన స్విచ్చుల పద్దు ఏదీ? దానిని కడపట సరిచూచిన దెప్పుడు?' అని యడుగుడు. ప్రత్యుత్తరము రానిచో, ఆ మౌనమును మినిట్సు పుస్తకమున వ్రాయింపుడు.