గ్రామసభలో మన చోటెక్కడ?

కిందటేడాది క్షేత్రపర్యటనలో భాగంగా రాయలసీమలోని ఒక ఊరికి వెళ్లినప్పుడు అక్కడ గ్రామసభ జరుగుతోంది. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. పదకొండు గంటలకని దండోరా వేయించారు గాని, మొదలయ్యేసరికి పన్నెండు దాటింది. వేసిన కుర్చీలన్నిట్లో మగవాళ్లు కూర్చున్నారు. ఆడవాళ్లు ముప్పై మంది దాకా వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే బల్ల దగ్గరికి వెళ్లి, రిజిస్టర్లో సంతకమో వేలిముద్రో వేసి, వెనక్కి తిరిగారు. "టమోటా కోతకు పోవల్ల మేడమ్, ఆటో వచ్చేస్తాది" అన్నదొకామె. "సంతకం పెట్టమనిరి, పెట్టినాం" అన్నది ఇంకొకామె. ఆ ఊరి సర్పంచి మహిళ. సభకు పిలుపు ఆమె పేరు మీదే వచ్చింది. ఆమె కుర్చీలో మాత్రం ఆమె భర్త కూర్చున్నాడు.

సభ అయిపోయాక తీర్మానాల పుస్తకం చదివి వినిపించమని కార్యదర్శిని అడిగాను. ఊరి నడిమి వీధికి సిమెంటు రోడ్డు వేయాలని, పంచాయతీ ఆఫీసుకు రంగులు వేయాలని అందులో ఉంది. దళితవాడలో బోరింగు చెడిపోయి అప్పటికి మూడు నెలలైంది. ఆ మాట పుస్తకంలో లేదు. అర కిలోమీటరు నడిచి నీళ్లు మోస్తున్నది ఎవరు? ఆ పుస్తకం కింద సంతకం పెట్టి కోతకు వెళ్లిపోయిన ఆడవాళ్లే. తమ నీళ్ల సంగతి లేని తీర్మానానికి ఆమోదం తెలిపామన్న విషయం కూడా వాళ్లకు తెలియదు.

ఆ రోజు నాకు కోపం కంటే సిగ్గు ఎక్కువ కలిగింది. ఎందుకంటే ఆ ఊళ్లో స్వచ్ఛంద సంస్థలు పనిచేయబట్టి పదిహేనేళ్లు దాటింది. పొదుపు సంఘాలున్నాయి. సాధికారత మీద శిక్షణా తరగతులు జరిగాయి. అందులో రెండు తరగతులు నేనే చెప్పాను. పితృస్వామ్యం గురించి, గృహహింస చట్టం గురించి, ఆరోగ్యం గురించి మాట్లాడుకున్నాం. కాని పంచాయతీ తీర్మానాల పుస్తకం అనేది ఒకటుంటుందని, అందులో రాసేది మీ మాటై ఉండాలని మాలో ఎవరమూ చెప్పలేదు. మనం స్త్రీలను చైతన్యవంతుల్ని చేశామనుకుంటూనే, వాళ్లను అధికారం కూర్చునే చోటికి రెండడుగుల దూరంలో వదిలేశాం. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి రాస్తున్నది.

"మనకెందుకమ్మా రాజకీయాలు" అనే మాట మనమందరం వింటూనే ఉంటాం. ఆ మాటలో అమాయకత్వం ఏమీ లేదు. రాజకీయమంటే పార్టీ, జెండా, ఎన్నికల నాటి మందు, డబ్బు అని వాళ్లకు అనుభవం నేర్పింది. అయితే బోరింగు ఎక్కడ వేయాలన్నదీ, వీధిదీపం ఏ స్తంభానికి పెట్టాలన్నదీ, ఇంటి జాగా ఎవరికివ్వాలన్నదీ రాజకీయ నిర్ణయాలే. మనం రాజకీయాలకు దూరంగా ఉన్నంత మాత్రాన అవి మన ఇంటికి దూరంగా ఉండవు. మనం లేని చోట అవి మన మీద నిర్ణయాలై వస్తాయి.

సామాన్య స్త్రీలు స్థానిక రాజకీయాల్లో ఏం చేయగలరన్న ప్రశ్నకు మన దగ్గరే గొప్ప జవాబుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించిన స్త్రీలు ఏ పదవిలోనూ లేరు. అక్షరాస్యతా కార్యక్రమంలో రాత్రి బడికి వచ్చి, వాచకంలో సీతమ్మ కథ చదివి, ఇది మన కథేనని గుర్తుపట్టినవాళ్లు. వాళ్లు తమకు అందుబాటులో ఉన్న చోటు నుంచే, అంటే సొంత ఊరి దుకాణం నుంచే మొదలుపెట్టారు. ఆ తర్వాత జిల్లా కేంద్రంలో జరిగే సారా వేలంపాటల దాకా వెళ్లారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలుకొచ్చింది.

అదే ఉద్యమంలో మనం సరిగా చదవని రెండో పాఠం కూడా ఉంది. 1997లో మద్యనిషేధాన్ని ఎత్తేశారు. ఖజానాకు ఆదాయం లేదన్నారు. ఆ నిర్ణయం తీసుకున్న చోట ఆ స్త్రీలు లేరు. వీధిలో గెలిచినదాన్ని నిలబెట్టుకోవడానికి రోజువారీగా కూర్చునే చోటు వాళ్లకు దొరకలేదు. ఇది వాళ్ల లోపం కాదు. ఉద్యమం మీద పుస్తకాలూ పరిశోధనా పత్రాలూ రాసుకున్న మనబోటివాళ్లం ఆ చోటు గురించి ఆలోచించకపోవడమే లోపం.

విచిత్రమేమంటే, సారా ఉద్యమం ఊపులో ఉన్నప్పుడే ఆ చోటు చట్టంలోకి వచ్చింది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడోవంతుకు తగ్గకుండా స్థానాలు స్త్రీలకు కేటాయించాలన్న సంగతి మనకందరికీ గుర్తుంది. కాని అదే సవరణ, ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషినీ గ్రామసభ సభ్యురాలిని చేసింది. ఎవరూ నియమించనక్కర్లేదు, ఎన్నిక కానక్కర్లేదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ జమాఖర్చులూ, ఆడిట్ నివేదికా, కొత్త పనులూ, కొత్త పన్నుల ప్రతిపాదనలూ గ్రామసభ ముందుకు రావాలి. తెలంగాణ 2018 చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలన్నది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ స్త్రీల రిజర్వేషన్ ఇప్పుడు సగానికి పెరిగింది. ఆ సగం గురించి మనం చాలా మాట్లాడాం. సభ గురించి మాట్లాడలేదు.

ఈ రెండూ వేరువేరు విషయాలు కావు. భర్త కుర్చీలో కూర్చుంటే మనం సర్పంచినే తప్పుపడతాం. ఆమెకు ధైర్యం లేదంటాం. కాని ఆమె ఎదురుగా ఎవరున్నారో చూడం. ఎదురుగా ఉన్న కుర్చీలన్నిట్లో మగవాళ్లే ఉంటే, అందులో అప్పులిచ్చినవాళ్లూ భూములున్నవాళ్లూ ఉంటే, ఆమె ఒక్కతీ ఏ బలంతో మాట్లాడుతుంది? ఆమె దళిత స్త్రీ అయితే కుర్చీ వేయడానికే ఇష్టపడని ఊళ్లున్నాయి. అదే షామియానా కింద ముప్పై మంది ఆడవాళ్లు చివరిదాకా కూర్చుంటే, "సర్పంచమ్మ రాలేదా?" అని ఒక్కరు అడిగితే, ఆ కుర్చీ సంగతి మారుతుంది. రిజర్వేషన్ ఆమెను గెలిపించింది. ఆమెను కుర్చీలో నిలబెట్టాల్సింది సభలో ఉన్న మనమే.

గ్రామసభ వల్ల ఏమవుతుందిలే అనేవారికి నియమగిరిని గుర్తుచేస్తాను. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఒడిశాలోని ఆ కొండ మీద బాక్సైట్ తవ్వకాల విషయం గ్రామసభల ముందు పెట్టమన్నది. ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో పన్నెండు పల్లెసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. పెద్ద కంపెనీని ఆపినవి కొన్ని చిన్న కొండపల్లెల తీర్మానాలు. వాటి వెనక ఏళ్ల తరబడి పోరాటం ఉంది, అటవీహక్కుల చట్టం ఉంది. అయినా చివరికి ఆ పోరాటం నమోదైంది గ్రామసభ పుస్తకంలోనే.

అయితే ఏం చేయాలి? పెద్ద పథకాలు అక్కర్లేదు. మొదట, సభ వేళ గురించి అడగాలి. కూలికి పోయే వేళ సభ పెట్టడమంటే కూలి స్త్రీలను రావద్దనడమే. సాయంత్రం పెట్టమని పది మంది సంతకాలతో ముందుగానే కాగితం ఇవ్వాలి. రెండోది, సభకు ముందు రోజు పొదుపు సంఘం సమావేశంలో అప్పు కిస్తీల లెక్క అయ్యాక ఒక అరగంట కూర్చుని, రేపు ఏ రెండు విషయాలు అడగాలో తేల్చుకోవాలి. పది విషయాలు అడిగితే ఒక్కటీ నిలవదు. మూడోది, విడిగా వెళ్లకూడదు. గుంపుగా వెళ్లి, పక్కపక్కనే కూర్చుని, ముగిసేదాకా లేవకూడదు. నాలుగోది అన్నిటికంటే ముఖ్యమైనది. తీర్మానం రాసి, చదివి వినిపించాకే సంతకం. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టమంటే పెట్టకూడదు.

ఆ తర్వాత పని మొదలవుతుంది. తీర్మానం నకలు అడగాలి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచారహక్కు చట్టం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకు రుసుము లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఈ హక్కు పుట్టిందే ఇలాంటి ప్రశ్నల్లోంచి. 1994 చివర్లో రాజస్థాన్ పల్లెల్లో కూలీలు జనసభలు పెట్టి, తమ పేరున ఎంత కూలి రాసుకున్నారో కాగితాలు తెచ్చి చదివించారు. 2006 నుంచి మన దగ్గర ఉపాధిహామీ పనుల మీద జరిగిన సామాజిక తనిఖీల్లోనూ మస్టర్లను ఊరిముందు చదివారు. చేయని పనికి తన పేరు మీద డబ్బు తీసుకున్నారని తెలిసినప్పుడు ఒక స్త్రీ అడిగే ప్రశ్నకు ఏ శిక్షణా తరగతీ సాటిరాదు.

దీంట్లో ప్రమాదం లేదని నేను అనను. లెక్క అడిగిన మనిషికి రేపు కూలికి పిలుపు రాకపోవచ్చు. ఇంట్లో గొడవ కావచ్చు. ఆ ప్రమాదం జీతాలు తీసుకునే మనకంటే వాళ్లకే ఎక్కువ. అందుకే ఒక్క మనిషిని ముందుకు తోసి మనం వెనక నిలబడడం తప్పు. అడిగేది సంఘం పేరున కావాలి. సంస్థల్లో పనిచేసే మిత్రులు కొందరు, "మేం రాజకీయాల జోలికి పోం, నిధులు ఆగిపోతాయి" అంటారు. పార్టీల జోలికి పోవద్దు. కాని రాజ్యాంగం ఇచ్చిన సభలో పౌరురాలు కూర్చోవడం ఏ పార్టీ పనీ కాదు. అందుకు కూడా భయపడితే మన సాధికారత నివేదికల్లో మాత్రమే మిగులుతుంది. పట్నాల్లో పనిచేసేవారికీ ఇది వర్తిస్తుంది. మూడు లక్షలకు పైగా జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలుండాలని 74వ సవరణ చెప్పింది. మీ బస్తీ వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుందో కనుక్కోండి.

మూడు నెలల తర్వాత ఆ ఊరికి మళ్లీ వెళ్లాను. ఈసారి సభలో పదకొండు మంది ఆడవాళ్లు చివరిదాకా కూర్చున్నారు. ముప్పైలో పదకొండే. బోరింగు సంగతి ఒకామె లేచి అడిగింది. రాయించింది. కార్యదర్శి చదివి వినిపించాకే సంతకం పెట్టింది. సర్పంచమ్మ వచ్చింది గాని భర్త పక్క కుర్చీలోనే ఉన్నాడు. నేను ఈ వ్యాసం రాసేనాటికి బోరింగు బాగుపడలేదు. తీర్మానం నకలు మాత్రం ఆమె రేషన్‌కార్డుతో పాటు ట్రంకుపెట్టెలో దాచుకుంది. వచ్చే సభకు దాన్ని పట్టుకుని వెళ్తానన్నది.

పత్రిక వచ్చే సంచిక వెలువడేలోగా మనలో ప్రతి ఒక్కరం మనం పనిచేసే ఊళ్లో ఒక్క గ్రామసభకైనా మన సంఘం స్త్రీలతో వెళ్లి, ముగిసేదాకా కూర్చుందాం. ఏం అడిగారు, ఏం రాశారు, ఎవరు అడ్డుకున్నారు అన్నది ఈ పేజీలకు రాసి పంపండి. ఓడిపోయిన సభల గురించి కూడా రాయండి.