మేడారపు పయనమునకు ముందు

రెండేండ్ల కొకమారు మాఘమాసమున జరుగు సమ్మక్క సారలమ్మ జాతరకు ఓరుగల్లు నుండి సుమారు 100 కిలోమీటర్లు పోవలయును. బంగారమని పిలుచు బెల్లమును మూటగట్టుట మఱవని మనము, జీపు క్రింది కమానుల మాట మఱతుము. తారుబాట యున్నను, జాతర రద్దీలో బండిని పొలములలోనికి దింపక తప్పదు.

ఒకమారు ములుగు దాటిన పిమ్మట మా జీపు కమానుపట్టీ విఱిగెను. డెబ్బదేండ్ల మా అత్తగారు బెల్లపుమూట నొడిలో బెట్టుకొని రెండు గడియలు ఎండలో గూర్చుండిరి. యూ బోల్టులు వదులైనచో పట్టీ నడుమ నూగులాడి విఱుగునని మేస్త్రీ చెప్పగా విని సిగ్గుపడితిమి.

కావున సోదరీమణులారా! వారము ముందుగనే పట్టీల పగుళ్లు, బోల్టుల బిగువు, రబ్బరు బుష్షుల యరుగుదల, షాక్ అబ్జార్బరుల నుండి నూనె కారుట పరీక్ష చేయింపుడు. క్రొత్తగా బిగించిన బోల్టులను కొంతదూరము నడిపిన పిదప మరల బిగింపింపవలెను. బలము కొఱకని అదనపు పట్టీలు వేయించినచో కుదుపు హెచ్చి వృద్ధుల నడుము నొచ్చును. అంతకంటె సామాను తగ్గించుట మేలు. బరువునంతయు వెనుకకు జేర్పకుడు. ఇది మేస్త్రీ పని కాదు, ఇల్లాలి పనియే.