గెలుపోటములు లేని ఆట

'మీ ముందు పాడుబడ్డ కోట. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఎవరో మూలుగుతున్నారు. ఏం చేస్తారు?'

'కత్తి దూసి లోపలికెళ్తా.'

'ఆగవోయ్, ముందు కిటికీలోంచి చూద్దాం!'

'అసలు ఆ మూలిగే మనిషిని పలకరిస్తే పోలా?'

నిజానికి అక్కడ కోటా లేదు, తలుపూ లేదు. ఉన్నదల్లా ఓ బల్ల, చుట్టూ నలుగురైదుగురు మనుషులు, కాసిని కాగితాలు, పెన్సిళ్లు, గుప్పెడు పాచికలు. అయినా మూడు నాలుగు గంటలు వాళ్లంతా ఆ కోటలోనే తిరుగుతారు. భయపడతారు, వాదించుకుంటారు, పగలబడి నవ్వుతారు. 'టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్' అంటే ఇదే. కూర్చున్నచోట నుంచి కదలకుండా, మాటలతోనే ఆడే ఆట.

దీని మూలం వినోదంలో లేదు, యుద్ధంలో ఉంది. 1824లో ప్రష్యా సైన్యం తన అధికారులకు 'క్రీగ్‌స్పీల్' అనే ఆటతో శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. పటం మీద దిమ్మల్ని జరుపుతూ ఆడాలి. మధ్యలో ఓ తీర్పరి ఉంటాడు. పాచికలు వేసి ఫలితం తేల్చేది, ఎవరికి ఎంతవరకూ కనిపిస్తుందో అంతే చెప్పేది ఆయనే. అలాంటి యుద్ధపు ఆటలు పోనుపోను ఇళ్లలోకీ వచ్చాయి.

1969లో అమెరికాలోని జంటనగరాలు మినియాపొలిస్-సెయింట్‌పాల్‌లో డేవిడ్ వెస్లీ అనే యువకుడు ఈ ఆటని చిన్న మలుపు తిప్పాడు. ఆటగాళ్లకు సేనలకు బదులు మనుషుల్ని అప్పగించాడు. ఓ ఊహాపట్టణంలో ఒకరు మేయరు, మరొకరు బ్యాంకరు... ఇలా. ఎవరి స్వార్థం వాళ్లది. దాంతో ఎత్తులూ పైఎత్తులూ పెరిగిపోయి ఆట గందరగోళమైంది. అనుకున్న యుద్ధం జరగనే లేదు! ఆట చెడిపోయిందని వెస్లీ నొచ్చుకుంటే మిత్రులు మాత్రం మళ్లీ ఎప్పుడని అడిగారట. వాళ్లలో ఒకడు డేవ్ ఆర్నెసన్. అతను ఆ పద్ధతికి కోటలూ మాయలూ జోడించాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాలో ఉండే గ్యారీ గైగాక్స్‌తో కలిశాడు. అలా 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వచ్చింది. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, వెల పది డాలర్లు. మొదట అచ్చేసింది వెయ్యి ప్రతులే.

ఇంతకీ ఈ ఆటకు కావలసిందేమిటి?

మొదటిది పాత్ర. ఆటగాడి దగ్గరున్న కాగితం మీద అతని జాతకమంతా ఉంటుంది. బలం, తెలివి, వివేకం, చురుకుదనం, దేహదారుఢ్యం, ఆకట్టుకునే గుణం... ఈ ఆరింటికీ మూడేసి పాచికలు వేసి అంకెలు రాసుకోవడం పాత పద్ధతి. మూడు వస్తే సోమరిపోతు, పద్దెనిమిది వస్తే భీముడు. రెండోది ఆడించే వ్యక్తి. లోకాన్ని వర్ణించేదీ, దారిలో ఎదురయ్యే దొంగలూ దెయ్యాల తరఫున మాట్లాడేదీ, తీర్పు చెప్పేదీ ఆ ఒక్కరే.

మూడోది పాచికలు. నాలుగు ముఖాలవి మొదలుకుని ఇరవై ముఖాలవి దాకా ఉంటాయి. వైకుంఠపాళిలో అంతా గవ్వలదే పెత్తనం. చదరంగంలో అంతా బుర్రదే. ఇక్కడ మాత్రం ఏం చేయాలో నిర్ణయించేది మనిషి, అది ఫలిస్తుందో లేదో తేల్చేది పాచిక. గోడ దూకాలనుకోవడం మన ఇష్టం, అవతల కాలు బెణకడం ఇరవై ముఖాల పాచిక ఇష్టం. బెణికిన కాలుతో ఏం చేయాలన్నది మళ్లీ మన ఇష్టం.

అయితే ఇవన్నీ తప్పనిసరేనా? 1991లో వచ్చిన 'ఆంబర్' ఆటలో పాచికలే లేవు. 2009లో వచ్చిన 'ఫియాస్కో'లో ఆడించే వ్యక్తి ఉండడు. ఇక కోటలూ రాక్షసులూ అంటారా... 1977 నాటి 'ట్రావెలర్' ఆట అంతరిక్షంలోనే నడుస్తుంది. ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే చివరికి మిగిలేది ఒక్కటే. ఎదుటివారు చెప్పింది వినడం, దాన్ని నిజమనుకుని దాని మీద తనదో మాట కలపడం. అదొక్కటీ లేకపోతే మాత్రం ఆటే లేదు.

సరిగ్గా దీన్నే బయటివాళ్లు చూడలేకపోయారు. 1979లో మిషిగన్ రాష్ట్రంలో ఓ విద్యార్థి కనిపించకుండా పోతే, ఈ ఆట పిచ్చిలో విశ్వవిద్యాలయం కింది సొరంగాల్లో తప్పిపోయి ఉంటాడని పత్రికలు రాశాయి. అతను తన మనోవేదనతో వెళ్లిపోయాడనీ, ఆటకు సంబంధం లేదనీ ఆ తర్వాత తేలింది. కానీ అప్పటికే తల్లిదండ్రుల్లో భయం పాకింది. పిల్లల్ని ఆత్మహత్యలకూ క్షుద్రపూజలకూ పురిగొల్పే ఆటంటూ 1980లలో పెద్ద ప్రచారమే సాగింది. కుంగిపోయిన పిల్లాడికి ఏమైందని అడగడం కన్నా, అతని బల్ల మీదున్న పుస్తకాన్ని తప్పుపట్టడం తేలిక కదా!

మరో ఉదంతం ఈ ఆట పుట్టిన విస్కాన్సిన్‌లోనే జరిగింది. అక్కడి జైల్లో ఓ ఖైదీ ఈ ఆట కోసం 96 పేజీల కథని చేత్తో రాసుకున్నాడు. 2004లో అధికారులు దాన్ని లాగేసుకుని ఆటనే నిషేధించారు. ఒకడు నడిపిస్తుంటే మిగతావాళ్లు నడవడం ముఠాల పద్ధతిలా ఉందన్నది వాళ్ల వాదన. ఖైదీ కోర్టుకెక్కాడు. ఆట వల్ల ముఠాలు తయారైన దాఖలాల్లేవని సాక్ష్యాలు తెచ్చాడు. అయినా 2010లో అప్పీళ్ల కోర్టు జైలు వైపే మొగ్గింది. అలాంటి భయానికి హేతువుంటే చాలు, నిషేధం చెల్లుతుందంది.

జైలు భద్రత సంగతి అధికారులకే బాగా తెలియొచ్చు. కానీ ఈ ఆట ఆడిన ఎవరినడిగినా ఒక తేడా చెబుతారు. ముఠా నాయకుడు ఆజ్ఞాపిస్తాడు. ఇక్కడ బల్ల చివర కూర్చున్న మనిషి ప్రశ్నిస్తాడు. జవాబు ఎలాంటిదైనా దానికి తగ్గట్టు తన కథనే మార్చుకుంటాడు. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. కథ ముందుకెళ్తుంది, అంతే.

దీనికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, ఇంట్లో ఉన్న మామూలు పాచికలతోనే మొదలుపెట్టొచ్చు. దొరకనిదల్లా నలుగురూ ఒకచోట కూర్చునే తీరిక. అది దొరికిన రోజున తాతయ్య మాంత్రికుడవుతాడు, చంటిది మహారాణి అవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు అడగాల్సింది ఒకటే మాట.

'తలుపు ఓరగా తెరిచి ఉంది. ఏం చేస్తారు?'