మీటరు ముల్లు చెప్పే మాట వినండి!

(మెదక్)

బోరు కాడ స్టార్టర్ డబ్బా మీదున్న ఆంపియర్ మీటరు ముల్లు కొంచెం అటూ ఇటూ అయితే చాలు, సంగతేమిటో మీరు ఇట్టే చెప్పేస్తారు. ముల్లు కిందికి పడితే బోరులో నీళ్ళు తగ్గినయి, మోటారు గాలి గుంజుతోంది అంటారు. పైకెక్కితే ఓల్టేజీ పడిపోయింది, లేదంటే మోటారు జామ్ అవుతోంది అని ఉరుకుతారు. బడి ముఖం చూడని ముసలాయన కూడా ఆ ముల్లును చదవగలడు.

అదే రైతు ట్రాక్టరెక్కితే మాత్రం ముందున్న మీటర్ల వైపు కన్నెత్తి చూడడు. చూసినా లాభం లేదు. అవి చచ్చి ఏళ్ళయింది. ఆయిల్ లైటు వెలగదు, వేడి చూపే ముల్లు కదలదు, గంటల మీటరు ఎప్పుడో ఆగిపోయింది. మెదక్ పట్టణంలో మెకానిక్ షెడ్ల ముందు ఒక పూట నిలబడి చూడండి. రిపేరుకొచ్చిన పాత బండ్లలో అన్ని మీటర్లూ పనిచేసేది ఒకటి కనబడితే గొప్పే.

ఇది చిన్న సంగతి కాదు. అయిదెకరాల లోపు రైతు అప్పు చేసి సెకండ్ హ్యాండు ట్రాక్టరు కొంటున్నాడు. తన పొలం దున్నుకుని, నలుగురికీ కిరాయికి నడిపి వాయిదాలు కట్టుకుంటున్నాడు. అలాంటి బండి నాట్ల రోజుల్లో ఒక్క వారం షెడ్డులో పడితే ఆ ఇంటికే కాదు, దాన్ని నమ్ముకున్న పది ఇండ్లకు నష్టం. అందుకే ఈ వారం ఈ ముచ్చట.

మా ఇంట్లో జరిగిన కథ

పరాయి వాళ్ళ తప్పు చెప్పే ముందు మాది చెబుతాను. మా బావమరిది పాత ట్రాక్టరు కొన్నాడు. ఆయిల్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే మెకానిక్‌కు చూపించాడు. ఆయన వైరు పీకేసి, ‘పాత బండికి ఇవన్నీ మామూలే, ఇగ లైటు రాదు పో’ అన్నాడు. నిజమే, మళ్ళీ రాలేదు. లైటు ఆరిపోయిందని మేమూ సంతోషపడ్డాం. నేనూ పక్కనే ఉన్నాను. వ్యవసాయం మీద రాసే నాకూ అడగాలన్న సోయి లేకపోయింది.

మరుసటి వానాకాలం కరిగెట రోజుల్లో ఆయిల్ పైపు కాడ లీకు మొదలైంది. బురదలో కేజ్‌వీల్స్‌తో తిరుగుతున్న బండి కింద నూనె కారితే ఎవరికి కనబడుతుంది? లైటుంటే వెలిగేది. వెలిగితే బండి ఆపేవాడు. కానీ ఇంజన్ జామయ్యే దాకా బండి నోరు విప్పలేదు. క్రాంకు, బేరింగులు, బోరు పని అన్నీ కలిపి యాసంగి వడ్ల పైసలు మొత్తం మింగినయి. అంతకన్నా బాధ ఏమిటంటే, ఆ బండి వస్తుందని ఎదురు చూసిన మా వాడకట్టు వాళ్ళ నారు మడిలోనే ముదిరింది. నారు ముదిరితే పిలకలు తగ్గుతాయని మీకు నేను చెప్పనక్కర లేదు.

ఆ రోజు పీకేసిన వైరు చివర ఉండే ఆయిల్ స్విచ్చి ధర వందల్లోనే ఉంటుంది.

‘డైరెక్ట్’ అనే జబ్బు

మన దగ్గర రిపేరుకు మారు పేరు ‘డైరెక్ట్’ చేయడం. స్విచ్చి పోతే డైరెక్ట్, ఫ్యూజు పోతే డైరెక్ట్, సెల్ఫ్ రాకపోతే డైరెక్ట్. పని ఆగదు కాబట్టి మనకూ బాగానే అనిపిస్తుంది. ఘనపురం ఆనకట్ట కాలువలకు నీళ్ళొదిలితే ఆయకట్టంతా ఒక్కసారి కరిగెట మీద పడుతుంది. ఆ తొందరలో బండిని రెండు రోజులు షెడ్డులో వదిలి వైరింగు చేయించే ఓపిక ఎవరికుంటుంది? ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే ఆ పని సీజను ముందే, బండి ఖాళీగా ఉన్నప్పుడే చేయించాలంటున్నాను.

డైరెక్ట్‌లలో ప్రాణం తీసేది ఒకటుంది. చాలా ట్రాక్టర్లలో క్లచ్ తొక్కితేనో, గేరు న్యూట్రల్‌లో ఉంటేనో తప్ప సెల్ఫ్ పనిచేయకుండా ఒక సేఫ్టీ స్విచ్చి ఉంటుంది. అది పోతే రెండు వైర్లు కలిపి వదిలేస్తున్నారు. ఇంకొందరు కింద నిలబడి సెల్ఫ్ మోటారు మీద స్క్రూడ్రైవరు పెట్టి స్టార్టు చేస్తారు. బండి గేరులో ఉందనుకోండి, అందుకున్న మరుక్షణమే కదులుతుంది. పెద్ద టైరు ముందర నిలబడ్డ మనిషికి తప్పుకునే సందు ఉండదు. ఎంత తొందరున్నా ఈ పని చేయకండి, మీ డ్రైవరును చేయనివ్వకండి.

ఫ్యూజు కాడ రాగి తీగ చుట్టడం రెండోది. వైరు కాలకుండా ముందు తాను కాలిపోవడమే ఫ్యూజు పని. తీగ చుడితే అది కాలదు, వైరే కాలుతుంది. ట్రాలీలో గడ్డి కట్టలున్న రోజు అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. ఫ్యూజు పదే పదే పోతోందంటే ఎక్కడో వైరు గీసుకుపోయి బాడీకి తగులుతోందని అర్థం. ఎలుక కొరికిందా, సైలెన్సరుకు ఆని ఉందా అని ముందు అది వెతకాలి.

ఆయిల్ లైటు

తాళం తిప్పగానే ఎర్ర ఆయిల్ లైటు వెలగాలి. ఇంజన్ అందుకున్న కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. ఈ రెండూ జరిగితే అది బాగున్నట్టు.

తాళం తిప్పినా వెలగకపోతే ఇంజన్‌కు బిగించి ఉన్న ఆయిల్ స్విచ్చి వైరు తీసి ఇంజన్ ఇనుముకు ఆనించండి. లైటు వెలిగితే స్విచ్చి పోయింది. వెలగకపోతే బల్బు, ఫ్యూజు, వైరు చూడాలి. దీనికి మెకానిక్ కూడా అక్కరలేదు.

బండి నడుస్తుండగా లైటు వెలిగితే మాత్రం చాలు దాకా పోదాం అనుకోవద్దు. అక్కడే ఇంజన్ ఆపండి. డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ సరిగ్గా ఉన్నా లైటు పోకపోతే స్విచ్చి పోయి ఉండవచ్చు, నిజంగానే ప్రెషరు పడిపోయీ ఉండవచ్చు. మెకానిక్ చేత ప్రెషరు గేజి పెట్టించి చూసే దాకా బండి నడపకండి. వేడెక్కాక స్లోలో మినుకు మినుకు మనే లైటును కూడా తేలికగా తీసుకోవద్దు. ఆయిల్ పలచబడిందనో, బేరింగులు అరిగాయనో అది ముందే చెబుతోంది.

వేడి ముల్లు

ఈ ముల్లు ఎర్ర గీత వైపు పోతే చాలామంది మీటరు ఖరాబయిందనే అనుకుంటారు. ముందు రేడియేటరు జాలి చూడండి. కోతలప్పుడు పొట్టు, దుమ్ము చేరి గాలి ఆడదు. బెల్టు చూడండి. నీళ్ళు చూడండి. కాకపోతే వేడి మీద మూత తీయవద్దు, సల్లారనివ్వండి. ఇవన్నీ బాగున్నాకే మీటరును అనుమానించాలి.

వైరుతో పనిచేసే మీటరయితే పరీక్ష సులువు. తాళం ఆన్‌లో పెట్టి సెన్సార్ వైరు పీకితే ముల్లు సల్లటి వైపు పడాలి. ఆ వైరును ఒక్క క్షణం ఇంజన్ ఇనుముకు తాకిస్తే వేడి వైపు లేవాలి. చాలా బండ్లలో ఇదే పద్ధతి. ఇలా కదిలితే మీటరు, వైరు బాగున్నట్టు, సెన్సార్ మార్చాలి. కదలకపోతే తప్పు మీటరులోనో వైరులోనో ఉంది. కొన్ని పాత బండ్లలో వైరుకు బదులు సన్నటి రాగి గొట్టం ఉంటుంది. దాన్ని వంచినా, తెంపినా మీటరు మొత్తం మార్చాల్సిందే.

ఒక మోసం గుర్తుంచుకోండి. సెన్సార్ నీళ్ళలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. పైపు పగిలి నీళ్ళన్నీ పోతే ముల్లు కిందనే ఉండి ఇంజన్ ఉడికిపోవచ్చు. కాబట్టి మీటరున్నా సరే పొద్దున నీళ్ళు చూడడం మానొద్దు.

బ్యాటరీ, ఛార్జింగు

చాలా ట్రాక్టర్లలో నీళ్ళ పంపును, డైనమోను ఒకే బెల్టు తిప్పుతుంది. ఛార్జింగు ఎర్ర లైటు వెలిగి, వేడి ముల్లు కూడా లేస్తే బెల్టు తెగిందనో జారుతోందనో లెక్క. వెంటనే ఆపండి. బెల్టును నడుమ బొటన వేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి.

సెల్ఫ్ కొడితే గురక పెడుతోందా? హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టండి. లైటు బాగా మందగిస్తే బ్యాటరీ దిగింది, లేదా టెర్మినళ్ళు వదులయ్యాయి. లైటు అలాగే వెలుగుతూ సెల్ఫ్ కదలకపోతే స్విచ్చి, సేఫ్టీ స్విచ్చి, సెల్ఫ్ వైర్లు చూడాలి. కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ పరీక్ష చేయండి. టెర్మినల్ మీద పట్టిన తెల్లటి పొడి గీకితే పోయేదానికి బ్యాటరీ మార్చిన వాళ్ళను చూశాను.

ఆ పొడిని వంట సోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో కడగండి. సెల్ మూతలు గట్టిగా బిగించి ఉండాలి, ఆ నీళ్ళు లోపలికి పోవద్దు. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. బిగించాక పైన వ్యాజిలిన్ రాయండి. లోపల పోసేది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, బోరు నీళ్ళు కాదు. చీకట్లో అగ్గిపుల్ల గీసి నీళ్ళు చూడొద్దు, బ్యాటరీ గ్యాసు అంటుకుంటుంది.

మల్టీమీటరుతో చూస్తే ఆగి ఉన్న బండిలో ఫుల్లు బ్యాటరీ 12.6 ఓల్టుల దగ్గర ఉంటుంది. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా రావాలి. 13 కూడా దాటకపోతే ఛార్జింగు లేదు. 15 దాటితే రెగ్యులేటరు పోయింది, బ్యాటరీ నీళ్ళు త్వరగా ఇంకిపోతాయి. ఊళ్ళో నలుగురు ట్రాక్టరు వాళ్ళు కలిసి ఒక మల్టీమీటరు కొనుక్కుంటే అందరికీ సరిపోతుంది.

గంటల మీటరును కూడా బాగు చేయించండి. బండి పుస్తకంలో ఆయిల్ మార్పు గంటల లెక్కనే ఉంటుంది. లెక్క చెప్పేది ఆగిపోతే ఆయిల్ ఎప్పుడు మార్చాలో గుర్తుండదు. పాత బండి కొనేటప్పుడు ‘మీటరు పనిచేయదు’ అంటే ధర తగ్గించి అడగండి, ఇంజన్‌ను ఇంకో మెకానిక్‌కు చూపించండి.

వెనక దీపం ఇంకొకరి ప్రాణం

ముందు లైటు మనకోసం, వెనక లైటు ఇతరుల కోసం. అందుకేనేమో దాన్ని ఎవరూ పట్టించుకోరు. వడ్లు ఎత్తుకుని రాత్రిపూట సెంటరుకు పోయే ట్రాలీలకు వెనక దీపం ఉండదు, ప్లగ్గు ఊడి వేలాడుతుంటుంది. బండి పాడయితే చీకట్లో రోడ్డు మీదనే ఆపి, రెండు రాళ్ళు పెట్టి పోతారు. వెనక బైకు మీద వచ్చేది మన ఊరి పిల్లవాడే కావచ్చు. వెనక ఎర్ర దీపం, రిఫ్లెక్టరు ఉండాలని చట్టమూ చెబుతోంది. చలానుకు భయపడి కాదు, మన పిల్లల ముఖం చూసి పెట్టించండి. బల్బు పోయినా మెరిసేలా రేడియం పట్టీలు కూడా అంటించండి. వాటికి అయ్యే ఖర్చు ఎంత?

ఎవరేం చేయాలి?

తప్పంతా రైతుదే అంటే న్యాయం కాదు. బండి అమ్మేటప్పుడు దండ వేసి, ఫోటో దిగి, తాళం చేతిలో పెడుతున్నారు. మీటర్ల మీద ఏ గుర్తుకు ఏమర్థమో అరగంట కూర్చోబెట్టి చెప్పే డీలర్లు ఎందరు? తెలుగు పుస్తకం అడిగి తీసుకోండి. 2013 నుంచి జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. ఉమ్మడి మెదక్ జిల్లా గడ్డ మీద ట్రాక్టర్లు తయారవుతుంటే, వాటి ఎర్ర లైటుకు అర్థం చెప్పే మనిషి మన ఊరికి రాకపోవడం ఏం న్యాయం?

ట్రాక్టర్ల మీద శిక్షణకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మంచిదే. కానీ రెండెకరాల రైతు పని వదిలి అంత దూరం పోగలడా? 2020-21లో కట్టిన రైతువేదికలు మన దగ్గరే ఉన్నాయి. వానాకాలం ముందు ఒక రోజు, యాసంగి ముందు ఒక రోజు అక్కడ ట్రాక్టర్ల వైరింగు పరీక్ష పెట్టాలి. వ్యవసాయ శాఖ పిలవాలి, డీలర్లు మెకానిక్‌లను పంపాలి, ఐ.టి.ఐ. పిల్లలు చేయి కలపాలి. వాళ్ళకు పని వస్తుంది, మనకు బండి బాగవుతుంది.

ఈ అవసరం ముందు ముందు పెరిగేదే. 50 హెచ్.పి. దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటిలో డీజిల్‌ను కంప్యూటర్ పెట్టె, సెన్సార్లు నడిపిస్తున్నాయి. ‘డైరెక్ట్’ అక్కడ చెల్లదు. బండి మీద వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీ వైర్లు విప్పకపోతే ఆ పెట్టె కాలిపోయే ప్రమాదం ఉంది. ఈ జాగ్రత్త పాత బండి డైనమోకూ మంచిదే.

అధికారులు వచ్చే దాకా ఆగకండి. రేపు పొద్దున తాళం తిప్పి, ఇంజన్ స్టార్టు చేయకుండా ఒక్క నిమిషం చూడండి. ఎన్ని లైట్లు వెలిగాయి, ఎన్ని ముల్లులు కదిలాయి? వెలగనివి కాగితం మీద రాసుకుని, నాట్లకు ముందే షెడ్డుకు పోండి. మెకానిక్ ‘డైరెక్ట్ చేస్తా’ అంటే ‘వద్దన్నా, స్విచ్చి వేయి’ అనండి. కిరాయికి పిలిచేవాళ్ళు కూడా వెనక లైటున్న బండినే పిలవండి.

ఎద్దు మేత ముట్టకపోతే మనకు ఆ రోజు నిద్ర పట్టేది కాదు. ట్రాక్టరుకు పాణం లేకపోవచ్చు, కానీ దాని మీద మన బతుకుంది. అది చెప్పే మాట వినకుండా వైరు పీకేస్తే నష్టం మనకే.